పడక చష్మా

ఆదివారం పొద్దున లేచేసరికి ఐలేశం ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. దవాఖాన నుంచి అత్తగారిని తీసుకొచ్చి హాల్లో ఫ్యాను కింద మంచం మీద పడుకోబెట్టాలి. ఓ పూట దుకాణం తెరిచి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, మటన్ కూరతో అన్నం తిని కాసేపు నడుం వాల్చాలి. ఇందులో కష్టమైంది ఏదీ లేదని అతనికి అనిపించింది. అతనికి అలా అనిపించినప్పుడల్లా ఏమవుతుందో భార్య అరుణమ్మకు తెలుసు గాని, ఆమెను ఎవరూ అడగలేదు.

కల్వకుర్తి బస్టాండు ఎదురుగా ఐలేశానికి చష్మాల దుకాణం ఉంది. లోకంలో ఎంతటి చిక్కయినా సరైన జాగాలో ఒక అద్దం పెడితే విడిపోతుందని అతని నమ్మకం. సైకిలు హ్యాండిలుకు, వంటింటి కిటికీకి, చివరికి కోళ్లగూటికి కూడా అద్దాలు బిగించాడు. గూట్లో పుంజు తన బొమ్మతో తానే పోట్లాడి ముక్కు పగలగొట్టుకున్నాక ఆ ఒక్క అద్దం మాత్రం ఊడదీశాడు.

అత్తగారు నర్సింగమ్మది అమ్రాబాద్ దగ్గర ఒక పల్లె. ఒక కంటికి పొర కమ్మితే, కల్వకుర్తి దవాఖానకు ప్రతి శనివారం వచ్చి ఆదివారం పొద్దున దాకా ఉండే కంటి డాక్టరు ఆపరేషను చేశాడు. నర్సింగమ్మ పాతకాలపు మనిషి. అల్లుడి ఎదుట మంచం మీద కూర్చోదు. అతను కంటపడితే చాలు, కొంగు నెత్తి మీదికి లాక్కుని లేచి గోడ పక్కకు జరుగుతుంది. అతనికి చెప్పాల్సింది కూతురితో చెబుతుంది, కూతురు లేకపోతే గోడతో చెబుతుంది. పెళ్లయి పదిహేడేళ్లయినా ఐలేశంతో ఆమె నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. అల్లుడి ఇంట్లో మంచం వేసుకుని పడుకోవడమంటే ఆమెకు కత్తిగాటు కన్నా ఎక్కువ బాధ.

డాక్టరు ఇంటికి పొమ్మని చెప్పేటప్పుడు అరుణమ్మ మందుల కిటికీ దగ్గర ఉంది. లోపల అత్త మంచం మీద ఉంది కనుక ఐలేశం బయట ఆటో దగ్గర నిలబడ్డాడు. కాబట్టి డాక్టరు చెప్పినదంతా విన్నది నర్సింగమ్మ ఒక్కతే. ఆటో కదిలాక, ముందు డ్రైవరు పక్కన కూర్చున్న ఐలేశం రోడ్డు వైపు చూస్తూ భార్యతో అన్నాడు.

"సారు ఏం చెప్పిండో అడుగు."

నర్సింగమ్మ రెండో పక్కకు తిరిగి కూతురితో అంది. "కదలకుండ పండుకోమన్నడు బిడ్డా. మళ్ల శనివారం చూస్త అన్నడు."

ఆ రెండు మాటలూ నిజమే. రెంటినీ కలిపి కుట్టింది మాత్రం అరుణమ్మ.

"అంటే శనివారం దాక లేవొద్దన్నట్టు. ఇన్నవా అమ్మా, మెడ గూడ ఎత్తొద్దు. కన్ను పోతే మళ్ల రాదు."

నర్సింగమ్మ ఏదో అనబోయింది. ఆటో గుంతలో పడింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం ఐలేశం మటన్ వాసన పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ ఇంటికి ఉన్నది ఒకే వాకిలి, వాకిలి దాటితే హాలు, హాలు దాటితేనే వంటిల్లు. అతను గడపలో అడుగు పెట్టాడో లేదో, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్న నర్సింగమ్మ రెండో కంటితో అతన్ని చూసి, స్ప్రింగు పెట్టినట్టు లేచి కూర్చుని కొంగు వెతుక్కోసాగింది. వంటింట్లోంచి అరుణమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"పండుకో అమ్మా, పండుకో. ఏమయ్యా, జర దగ్గి రావద్దా?"

సాయంత్రం అతను బుద్ధిగా వీధిలోనే దగ్గాడు. ఆ దగ్గు విని నర్సింగమ్మ అతను గడప ఎక్కకముందే లేచి నిలబడింది. దగ్గితే విని లేస్తుంది, దగ్గకపోతే చూసి లేస్తుంది. అరుణమ్మ అతన్ని మెట్ల మీదే ఆపేసింది.

"మా అమ్మ కన్ను పోతే ఎవరు జవాబు చెప్తరు? శనివారం దాక నువ్వు ఇంట్లకు రాకు."

"మరి యాడ తినాలె?"

"గీ మెట్ల మీద."

"పండుకునుడు?"

"దుకాణంల బల్ల లేదా?"

దుకాణంలో బల్ల ఉంది గాని, అది చష్మాల డబ్బాలు పెట్టుకోవడానికి చేయించింది. దాని మీద పడుకున్నవాడు ఒక పక్కకే పడుకోవాలి, ఆ పక్క నొస్తే పొద్దున దాకా ఓర్చుకోవాలి. సోమవారం పొద్దున మెట్ల మీద కూర్చుని ఉప్మా తింటూ ఐలేశం తన ఇంటి తలుపు వైపు చూసి నిజంగానే దిగులు పడ్డాడు. అత్తగారి కన్ను బాగుండాలని అతనికి మనస్ఫూర్తిగా ఉంది. పెళ్లయిన కొత్తలో అతనికి టైఫాయిడ్ వస్తే, తలుపు చాటున కూర్చుని రోజూ గంజి కాచి పంపిన మనిషి ఆమె. తన నడక వల్ల ఆమె కన్ను పోతే ఇక ఎవరికీ చష్మా అమ్మలేనని కూడా అనిపించింది.

పైగా అరుణమ్మ ఇంకో కబురు చెప్పింది. "ఊకె పండుకుంటే పొద్దు పోతలేదంట. టీవీ దిక్కు మెడ ఎత్తి ఎత్తి చూస్తున్నది. ఎన్నిసార్లు కసిరినా ఇంటలేదు."

మంచం కాళ్ల వైపు గోడకు, వాకిలి పక్కనే, ఆ వాడకట్టులో మొట్టమొదటి కలర్ టీవీ ఉంది. అది వినగానే ఐలేశం ఉప్మా గిన్నె పక్కన పెట్టేశాడు. వెల్లకిలా పడుకున్న మనిషి మెడ ఎత్తకుండా కాళ్ల వైపున్న టీవీ చూడాలంటే కావలసింది ఏమిటి? కంటి ముందు ఏటవాలుగా ఒక అద్దం. ఆ అద్దంలో టీవీ తప్ప ఇంకేమీ పట్టనంత చిన్నగా కోస్తే? అప్పుడు అత్త టీవీనే చూస్తుంది, అల్లుణ్ణి చూడదు. చూడకపోతే లేవదు. ఒక్క అద్దంతో కన్నూ దక్కుతుంది, ఇల్లూ దక్కుతుంది. ఇంత సులువైన సంగతి నిన్ననే తట్టనందుకు తనను తాను తిట్టుకుంటూ దుకాణానికి పోయాడు.

మధ్యాహ్నానికి పడక చష్మా తయారైంది. పాత నల్ల ఫ్రేముకు ఒక పక్క అట్ట, ఇంకో పక్క ఇత్తడి తీగతో ఏటవాలుగా బిగించిన అద్దంముక్క. అరుణమ్మ దాన్ని తల్లికి తొడిగి టీవీ పెట్టింది. ఐలేశం మెట్ల మీద నిలబడి చెవి ఒగ్గాడు.

"కనపడుతున్నదా అమ్మా?"

"మంచిగ కనపడుతున్నది బిడ్డా," అంది నర్సింగమ్మ. "కాని వార్తలు చదివే పిల్ల నెత్తి మీద నిలబడ్డది. గంత చదువుకున్న పిల్లకు గదేం కష్టమో."

ఐలేశం అద్దాన్ని ఇటు వంచమన్నాడు, అటు వంచమన్నాడు. ఎటు వంచినా వార్తల పిల్ల కాళ్లు పైకే ఉన్నాయి. అద్దం ఒక్కటే అయితే బొమ్మ బోల్తా పడక తప్పదని అతనికి అప్పుడు తట్టింది. రెండు అద్దాలు పెడితే బరువుకు చష్మా ముక్కు మీద నిలవదు. అద్దం మారనప్పుడు మారాల్సింది టీవీయే. నర్సింగమ్మ కునుకు తీస్తున్న సమయం చూసి, భార్యాభర్తలిద్దరూ టీవీని ఎత్తి, మడిచిన బొంత మీద తలకిందులుగా నిలబెట్టారు.

నర్సింగమ్మ కన్ను తెరిచి చష్మాలో చూసి తృప్తిగా నిట్టూర్చింది. "ఆ, దిగింది పిల్ల."

ఆ రోజు నుంచి ఐలేశం బతుకు మళ్లీ దారిన పడింది. చెప్పులు చేతిలో పట్టుకుని, వేళ్ల మీద నడుస్తూ, టీవీ పక్కనుంచి వంటింట్లోకి జారుకునేవాడు. అత్తగారు కదిలేది కాదు. ఒకసారి ధైర్యం చేసి హాలు మధ్యలో ఆగాడు, అయినా కదల్లేదు. ఇంకోసారి అలమారలోంచి మురుకుల డబ్బా దించి, మూత చప్పుడు కాకుండా తీసి, రెండు గుప్పిళ్లు లాల్చీ జేబులో పోసుకున్నాడు, అయినా కదల్లేదు. ఇంత గొప్ప వస్తువును ఇంతవరకు ఎవరూ ఎందుకు చేయలేదా అని అతనికి ఆశ్చర్యం వేసింది. ఒక్కటే కొంచెం కంగారు పెట్టింది. అతను దాటిపోతున్నప్పుడు అప్పుడప్పుడు దుప్పటి కింద అత్తగారి కడుపు అదిరేది.

"నొప్పికి ఏడుస్తున్నదేమో," అన్నాడు భార్యతో గుసగుసగా.

"అడిగితే ఏం లేదంటున్నది. కాని నువ్వు పోయినంక గూడ కొంచెంసేపు అట్లనే అదురుతున్నది," అంది అరుణమ్మ. ఆమెకూ బెంగగానే ఉంది.

మంగళవారం మొదటి ఫిర్యాదు వచ్చింది. టీవీలో ప్రతి మనిషి పక్కన ఇంకో పలచటి మనిషి నిలబడుతున్నాడట. ఐలేశం సంతోషంతో చేతులు రుద్దుకున్నాడు, ఎందుకంటే దానికి మందు అతనికి తెలుసు. మామూలు అద్దానికి కళాయి వెనక ఉంటుంది. కళాయి ఒక బొమ్మను చూపిస్తే, ముందున్న గాజు పైపైన ఇంకో బొమ్మను చూపిస్తుంది. ఫోటో స్టూడియో బాలస్వామి దగ్గర పాడైపోయిన పాత కెమెరా ఒకటి ఉంది, అందులో ముందువైపే కళాయి పూసిన అద్దం ఉంటుంది. దాన్ని అడిగి తెచ్చి బిగించాడు. పలచటి మనుషులందరూ వెళ్లిపోయారు.

బుధవారం రంగుల గొడవ మొదలైంది.

"వార్తలు చదివే పిల్లకు ఒక చెంప ఎర్రగ, ఒక చెంప పచ్చగ ఉన్నదంట," అని అరుణమ్మ కబురు మోసుకొచ్చింది. "ఇంట్ల ఎవరో కొట్టినట్టున్నరు అంటున్నది."

అద్దంలో దోషం ఉందనే అనుకున్నాడు ఐలేశం. లేత గులాబీ రంగు చలువ అద్దం ఒకటి కోసి ముందర పెట్టాడు. అందరూ బీట్‌రూట్ రసం తాగినట్టున్నారని కబురొచ్చింది. అది తీసి నీలిది పెట్టాడు. అందరూ చలికి బిగుసుకుపోయినట్టున్నారని వచ్చింది. గురువారం అంతా దుకాణానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల చష్మాల సంగతి మరిచిపోయి, రంగు రంగు ముక్కలు కోస్తూ గడిపాడు. చత్వారం అద్దాలకు వచ్చిన ఒక పెద్దాయన ఊదారంగువి పెట్టుకుని వెళ్లిపోయాడు, ఆయనకవి నచ్చాయి కూడా. ఇంత చేసినా ఐలేశం ఒక్క పని మాత్రం చేయలేదు. టీవీ వంక తిన్నగా చూడలేదు. మధ్యలో తన అద్దం ఉండగా దాని వెనక ఉన్న వస్తువును అనుమానించే అలవాటు అతనికి లేదు.

శుక్రవారం పక్కింటి అహ్మద్ అలీ వచ్చాడు. అతను టీవీ మెకానిక్. హాల్లో అడుగు పెట్టి, నడుం వంచి, తల పూర్తిగా పక్కకు తిప్పి కాసేపు చూశాడు.

"ఐలేశమన్నా, టీవీని గిట్ల నెత్తి మీద ఎవరు నిలబెట్టిండ్రు?"

"అద్దంల సీదా కనపడనీకి నేనే పెట్టిన. రంగులే కుదుర్తలేవు అలీ. అద్దం ఎన్ని తీర్ల మార్చినా చెంపలు మారుతలేవు."

"అద్దం కాదన్నా. గీ డబ్బల అయస్కాంతం సంగతి ఉంటది. ఒక తీరుగ కూసున్నదాన్ని తలకిందులు జేస్తే లోపల రంగులు జాగా తప్పుతయి. జర ఆగు."

అతను తన దుకాణం నుంచి పెద్ద గాజులా గుండ్రంగా చుట్టిన ఒక కాయిల్ తెచ్చి, కరెంటు పెట్టి, టీవీ ముందు నిలబడి మెల్లగా గుండ్రంగా తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ వెనక్కి నడిచాడు. తెర మీద రంగులు సుడి తిరిగి ఒక్కొక్కటే తమ తమ జాగాల్లో కూర్చున్నాయి. మంచం మీద నర్సింగమ్మ ఎవరో హారతి ఇస్తున్నారనుకుని రెండు చేతులు జోడించింది. అలీకి మొహమాటం వేసి ఇంకో చుట్టు ఎక్కువే తిప్పాడు.

"ఇప్పుడు పిల్ల చక్కగున్నది," అంది నర్సింగమ్మ. "చీర గూడ మంచిది కట్టింది."

ఆ మాట విన్నప్పుడు ఐలేశానికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వారం రోజుల పని ఫలించింది, రేపు శనివారం. సాయంత్రం టీవీలో వచ్చే సినిమా చూపించి, అది కాగానే అత్తగారిని దవాఖానకు తీసుకుపోయి చూపిస్తే తన బాధ్యత తీరినట్టే. అలా అనుకుని హాయిగా నిద్రపోయాడు.

ఐలేశం మరిచిపోయింది ఏమిటంటే, శనివారం సాయంత్రం సినిమా అతని ఒక్కడిది కాదు. ఆ వేళకు వాడకట్టంతా వచ్చింది. అలీ వచ్చాడు, అతని భార్య హనీఫా వచ్చింది, ఎదురింటి నిర్మలమ్మ పిల్లాపాపలతో వచ్చింది, ఇంకా పేర్లు తెలియని చుట్టాలు కొందరు వచ్చారు. వచ్చినవాళ్లంతా తలకిందుల టీవీ ముందు తలలు వంచుకుని నిలబడ్డారు.

"ఏమైంది ఐలేశం? టీవీని గిట్ల ఎందుకు పెట్టినవ్?" అంది నిర్మలమ్మ.

"అత్తమ్మ కోసం. ఇయ్యాల ఆఖరు రోజు. తిప్పనీకి లేదు."

"మరి మేమెట్ల చూడాలె?"

పొండి అనడానికి నోరు రాలేదు. తిప్పుతాననడానికి మనసు రాలేదు. అప్పుడు, అలవాటు ప్రకారం, ఐలేశానికి అద్దాలు గుర్తొచ్చాయి. దుకాణంలో చష్మా పెట్టుకుని మొహం చూసుకోవడానికి ఇచ్చే చేతి అద్దాలున్నాయి, తెచ్చాడు. చాలనివాళ్లు ఇళ్లకు పోయి గడ్డం గీసుకునే అద్దాలు, బొట్టుపెట్టె అద్దాలు పట్టుకొచ్చారు. చాపలు పరిచారు. అందరూ కాళ్లు టీవీ వైపు పెట్టి వెల్లకిలా పడుకోవాలని, అద్దాన్ని ముక్కు మీద ఏటవాలుగా ఆనించాలని, కదిలితే బొమ్మ పోతుందని ఐలేశం ఒక్కొక్కరికి పడుకోబెట్టి మరీ నేర్పాడు. దేవుళ్ల సినిమా అని తెలిసి నిర్మలమ్మ లేచి కూర్చుంది.

"దేవుని దిక్కు కాళ్లు చాపుకొని ఎట్ల పండుకుంటరు?"

"మరి తలకాయ అటు పెడితే దేవుడు తలకిందులైతడు."

నిర్మలమ్మ రెంటిలో ఏది ఎక్కువ పాపమో కాసేపు ఆలోచించి, పాదాలు దేవుడికి కనపడకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది. అరుణమ్మ అందరికీ గిన్నెల్లో ఉడికించిన శనగ గుడాలు పెట్టింది. బల్బు వెలుగు అద్దాల్లో మెరుస్తోందని ఎవరో దాన్ని ఆర్పేశారు. సినిమా మొదలయ్యాక హాల్లో చీమ చిటుక్కుమనలేదు. మాట్లాడితే దవడ కదులుతుంది, దవడ కదిలితే అద్దం జారుతుంది. ఐలేశం కూడా వంటింటి గడప దగ్గర ఒక చాప మూల దొరకబుచ్చుకుని, వారంలో మొదటిసారి తన ఇంట్లో నిశ్చింతగా వెన్ను వాల్చాడు.

సరిగ్గా ఆ సమయానికి పాలు పోసే ఎల్లేశం సైకిలు దిగి, "అరుణక్కా," అని పిలిచాడు. పలుకు లేదు. మళ్లీ పిలిచాడు. లోపల దేవుడు రాక్షసుడి మీదికి బాణం ఎక్కుపెట్టి ఉన్నందువల్ల అరుణమ్మకు వినపడలేదు. ఎల్లేశం కిటికీలోంచి తొంగిచూశాడు. చీకటి. నేల నిండా మనుషులు, అందరూ వెల్లకిలా, ఒక్కరూ కదలడం లేదు. ముఖాల మీద నీలం వెలుగు. పక్కన సగం తిన్న గుడాల గిన్నెలు. టీవీ కూడా బోల్తా పడి ఉంది. ఎల్లేశం పాల క్యాను అక్కడే వదిలి సైకిలెక్కాడు.

దవాఖానలో కంటి డాక్టరు అప్పుడే పని ముగించుకుని చేతులు కడుక్కుంటున్నాడు.

"సారూ, ఐలేశం ఇంట్ల గుడాలు తిని అందరు పడిపోయిండ్రు. వాడకట్టంత పడిపోయింది. ఒక్కలు గూడ కదుల్తలేరు."

కంటి డాక్టరయినా డాక్టరే. నర్సును, సెలైన్ సీసాలను జీపులో వేసుకుని బయల్దేరాడు. వచ్చేటప్పుడు ఎల్లేశం బస్టాండులో కూడా ఈ సంగతి చెప్పినందువల్ల జీపు వెనక సైకిళ్లు, సైకిళ్ల వెనక నడిచేవాళ్లు వచ్చారు. డాక్టరు చెప్పులు విప్పకుండానే హాల్లోకి దూకి, మొదట తగిలిన మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని నాడి పట్టుకున్నాడు. ఆ మనిషి అహ్మద్ అలీ.

"జర పక్కకు జరుగు భాయ్," అన్నాడు అలీ అద్దం కదలకుండా, పెదాలు మాత్రమే కదుపుతూ. "తలకాయ అడ్డమొస్తున్నది."

డాక్టరు ఉలిక్కిపడి లేచి, గోడ తడిమి లైటు వేశాడు.

"లైటు బందువెట్టుండ్రి," అని చచ్చిపోయారనుకున్నవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు.

వాకిట్లో నిలబడ్డ జనం వెనక్కి తగ్గారు. ఎల్లేశం అందరికన్నా ఎక్కువ తగ్గి తన పాల క్యాను మీద కూర్చున్నాడు. మనుషులు ఒక్కొక్కరే అద్దాలు దించి లేచి కూర్చున్నారు, నిర్మలమ్మ తప్ప. ఆమె పాదాల దుప్పటి వెతుక్కుంటోంది. డాక్టరు తలకిందుల టీవీని చూశాడు, అందరి చేతుల్లో అద్దాలను చూశాడు, చివరికి మంచం మీద ఇంకా కదలకుండా ఉన్న నర్సింగమ్మను చూశాడు.

"ఈమె నా పేషెంటు కదా. ఇంకా ఎందుకు పండుకున్నది?"

"మీరే చెప్పిండ్రు గద సార్, శనివారం దాక లేవొద్దని," అంది అరుణమ్మ.

"నేనెప్పుడు చెప్పిన? ఆదివారం ఒక్క పూట కదలకుండ పండుకో, సాయంత్రం నుంచి లేచి కూర్చో, తిరుగు, ఊకె వంగకు అని చెప్పిన. శనివారం వచ్చి చూపించు అన్న."

హాల్లో అందరూ మంచం వైపు తిరిగారు. డాక్టరు కోపంగానే మంచం మీద కూర్చుని, నర్సింగమ్మ ముఖం మీది చష్మా తీసి, ఆకుపచ్చ గుడ్డ విప్పి, టార్చి వేసి కంటిని పరీక్షగా చూశాడు. చూస్తున్నకొద్దీ ఆయన ముఖంలో కోపం తగ్గింది. కన్ను తేటగా ఉందని, ఈ వారం తాను చూసినవాటిలో ఇంత చక్కగా మానిన కన్ను ఇంకోటి లేదని చెప్పాడు. ఐలేశం గుండెల్లో వారం రోజులుగా ఉన్న బరువు దిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగితే, అద్దం తుడుచుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

"అమ్మా, నీకు ముందే తెల్సా?" అంది అరుణమ్మ.

"తెల్సు," అంది నర్సింగమ్మ పడుకునే. "ఆదివారం లేవబోతే నువ్వు కసిరి పండబెట్టినవ్. తెల్లారి చెప్దామనుకున్న. గంతల్నే అల్లుడు గీ చష్మా జేసుకొచ్చిండు. నా కోసం టీవీని బోర్లేసిండు. గంత కష్టపడే మనిషికి నాకు గిదంత అక్కర్లేదని ఎట్ల చెప్పుదు? ఇంకా ఉన్న మాట చెప్పాల్నంటే, పొద్దుగాల పండుకొని ఛాయ తాగుడు నా బతుకుల గిదే మొదలు. మంచిగనే ఉన్నది."

ఐలేశం భార్య చెవి దగ్గరకు వంగి, వారం నుంచి తనకు గర్వంగా ఉన్న ఆ ఒక్క సంగతిని దక్కించుకోబోయాడు. "చష్మా పని చేసినట్టే గద. నేను ఇంట్లకు వస్తుంటే పోతుంటే ఆమెకు కనపడలే."

"కనపడ్డవు అల్లుడా," అంది నర్సింగమ్మ.

ఆమె ఆ మాట కూతురితో అనలేదు, గోడతో అనలేదు. పదిహేడేళ్లలో మొదటిసారి అతని ముఖం చూసి అంది.

"రోజు కనపడ్డవు. చెప్పులు చేతుల పట్టుకొని, గబ్బిలం లెక్క కప్పుకు నడుచుకుంట పోయినవు. మురుకులు జేబుల పోసుకుంటే, అవి పైకి పడుతయా కిందికి పడుతయా అని చూసిన. నవ్వు ఆపుకోలేక కడుపు నొచ్చింది."

"మరి," అంటూ ఐలేశం లాల్చీ జేబు తడుముకున్నాడు. "మరి నువ్వు లేవలేదు గద అత్తమ్మా."

"నిలబడ్డ అల్లుని ముందల లేవాలె అని మా అవ్వ చెప్పింది," అంది నర్సింగమ్మ నిదానంగా. "తలకిందులున్న అల్లుని ముందల ఏం జేయాల్నో చెప్పలే."

ముందు నవ్వింది డాక్టరు. తర్వాత వాడకట్టంతా నవ్వింది, వాకిట్లో జనం కూడా సంగతేమిటో తెలియకుండానే నవ్వారు. నర్సింగమ్మ కూతురి చేయి పట్టుకుని లేచి మంచం అంచున కూర్చుంది. కొంగు సర్దుకుంది గాని మంచం దిగలేదు. ఐలేశం ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. అరుణమ్మ ఇద్దరికీ ఛాయ తెచ్చింది. అత్తా అల్లుడూ ఎదురెదురుగా కూర్చుని తాగారు, ఆకాశమేమీ ఊడిపడలేదు. సినిమా మిగిలిన భాగం ఏమైందని నిర్మలమ్మ అడిగేదాకా ఎవరికీ దేవుడు గుర్తురాలేదు. డాక్టరు గడియారం చూసుకుని, జీపు డ్రైవరుకు కాసేపు ఆగమని చెప్పి, హనీఫా ఇచ్చిన చేతి అద్దం పట్టుకుని అలీ పక్కన ఖాళీ చాప చూసుకున్నాడు.

మంగళవారం నర్సింగమ్మ తన ఊరికి పోవడానికి అచ్చంపేట బస్సెక్కింది. కిటికీ దగ్గర కూర్చుని, కింద నిలబడ్డ ఐలేశంతో నేరుగానే, మురుకుల పిండి సరిపోను తెచ్చి పెట్టుకొమ్మని, వచ్చే నెల రెండో కంటికి వస్తానని చెప్పింది. ఐలేశం ఇంటికి పోయి, అలీ సాయంతో టీవీని తిప్పి నిటారుగా నిలబెట్టించాడు. అలీ మళ్లీ కాయిల్ తిప్పి రంగులు సరిచేశాడు.

శనివారం సాయంత్రం వాడకట్టంతా చాపలు, అద్దాలు చంకన పెట్టుకుని వచ్చి, నిటారుగా ఉన్న టీవీని చూసి, ఇది ఎప్పుడు చెడిపోయిందని అడిగారు.